మతాల అధ్యయనంలో మాస్టర్స్: ప్రశ్న ముందు, యూనివర్సిటీ తర్వాత

ఇంజినీరింగ్ సీటు తీసుకున్నట్టు ర్యాంకింగ్ చూసి ఈ కోర్సులో చేరితే రెండేళ్లూ ఇబ్బంది పడాల్సిందే. బోర్డు మీద 'రెలిజియస్ స్టడీస్' అనే ఉంటుంది గానీ లోపల ఒక్కోచోట ఒక్కో చదువు నడుస్తుంది. ఒకచోట సంస్కృతం, పాళీ గ్రంథాలు ముందేసుకుని కూర్చుంటారు. ఇంకోచోట జాతరలకీ దర్గాలకీ వెళ్లి ఫీల్డ్‌వర్క్ చేస్తారు. మరోచోట అంతా తత్వచర్చే. మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారో తేల్చుకోకుండా వెళ్తే ఎంత పేరున్న యూనివర్సిటీ అయినా మీకు ఉపయోగపడకపోవచ్చు. అందుకే ఇందులో యూనివర్సిటీల సంగతి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆత్రం ఉన్నవాళ్లు కూడా మొదటి రెండు భాగాలు దాటేయొద్దు.

1. ఇది ఏ రకం చదువో తెలుసుకోండి

వేదపాఠశాలలో, సెమినరీలో, మదర్సాలో ఒక సంప్రదాయాన్ని లోపలి నుంచి నేర్పుతారు. నేర్చుకున్నవాళ్లు రేపు దాన్ని నడపాలి. మతాల అధ్యయనం పని అది కాదు. ఒక మతం ఎలా పుట్టింది, ఎలా మారింది, దాన్ని ఎవరు ఎలా ఆచరిస్తున్నారు, గ్రంథంలో ఉన్నదానికీ ఊళ్లో జరిగేదానికీ తేడా ఎందుకొచ్చింది అని చూడటం ఇక్కడి పని. చదివేవాళ్లలో భక్తులుంటారు, నాస్తికులుంటారు. మీరే రకమో అడ్మిషన్ కమిటీకి అక్కర్లేదు.

ఈ తేడాను కోర్టులు కూడా గుర్తించాయి. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మతాల గురించి చదవడం వేరు, మతబోధన వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమెరికాలో 1963లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన షెంప్ తీర్పు ఇలాంటి గీతే గీసింది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్లు జోరుగా పెరిగింది ఆ తర్వాతే. బ్రిటన్‌లోని లాంకస్టర్‌లో నినియన్ స్మార్ట్ 1967లో ఇలాంటి విభాగాన్ని ప్రారంభించారు. అదే ఏడాది మన దేశంలో పటియాలాలోని పంజాబీ యూనివర్సిటీ మతాల అధ్యయనానికి ఒక విభాగం పెట్టింది.

మొదటి సెమిస్టర్‌లో ఎక్కడైనా సిద్ధాంతాల పేపర్ తప్పదు. దుర్ఖైమ్, వెబర్, ఎలియాడే, గీర్ట్జ్, జోనథన్ స్మిత్, తలాల్ అసద్ వరసగా వస్తారు. మతమంటే ఒక ప్రతీకల వ్యవస్థ అని గీర్ట్జ్ అంటే, అసలా నిర్వచనమే ఐరోపా క్రైస్తవ చరిత్రలోంచి పుట్టిందని అసద్ ఎదురు వాదిస్తారు. చదువుతున్నప్పుడు ఇదంతా గాల్లో మాటల్లా అనిపిస్తుంది. కానీ పోలేరమ్మకి నైవేద్యం పట్టుకెళ్తున్న ఒకావిడని ఆపి "మీరేం నమ్ముతారమ్మా?" అని అడిగి చూడండి. "మా అత్త చేసేది, నేనూ చేస్తన్నా" అనే జవాబు రావచ్చు. నమ్మకం గురించి అడగడమే తప్పు ప్రశ్నేమో అన్న అనుమానం అప్పుడు మొదలవుతుంది. అసద్ ఏమంటున్నాడో అప్పుడు అర్థమవుతుంది.

చేరే ముందు మిమ్మల్ని మీరు ఒక మాట అడగండి. మీరు పవిత్రంగా భావించే గ్రంథాన్ని ఎవరు రాశారు, ఎన్ని వందల ఏళ్లలో అది ఈ రూపానికి వచ్చింది, మధ్యలో ఏం చేర్చారు అని సెమినార్‌లో పదిమంది తాపీగా చర్చిస్తుంటే కూర్చోగలరా? అలాగే, మీకు ఏమాత్రం గిట్టని మతం గురించి సానుభూతితో ఇరవై పేజీలు రాయగలరా? రెండోది చాలామందికి మొదటిదానికన్నా కష్టం. రెండూ వద్దనుకుంటే మీ సంప్రదాయంలోనే శాస్త్రం చదువుకోవడం మేలు. అదేం తక్కువ చదువు కాదు.

2. ప్రశ్నను తయారు చేసుకోండి

"భారతదేశంలో మతసామరస్యం" ఆగస్టు 15కి ఉపన్యాసం అవుతుంది గానీ పరిశోధన ప్రశ్న కాదు. ప్రశ్న అంటే దానికో ఊరుండాలి, ఓ కాలం ఉండాలి, ఎక్కడ వెతకాలో తెలియాలి.

దేవుని కడపను తీసుకుందాం. ఉగాది రోజున అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమ అల్లుడని చెబుతారు. ఏటా పేపర్లో ఫొటో పడుతుంది, కింద "మతసామరస్యానికి ప్రతీక" అని రాస్తారు, అక్కడితో సరి. మీ పని అక్కడ మొదలవ్వాలి.

ఈ రాకపోకలు ఎప్పటి నుంచి ఉన్నాయి? ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ల చరిత్ర రికార్డుల్లో, దీని ఊసుందా? (కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఈ జిల్లా కైఫీయత్తులను అచ్చువేసింది, చూసుకోవచ్చు.) అన్నమయ్య 'కడపరాయడి' మీద పాడిన కీర్తనల్లో నాంచారి ఉందా, ఉంటే ఆమె తురక పిల్లేనా? శ్రీరంగంలో తుళుక్క నాచ్చియార్, మేల్కోటెలో బీబీ నాచ్చియార్ ఉన్నారు. సుల్తాను కూతురు విగ్రహాన్ని ప్రేమించి దాని వెంట వచ్చేసిందని శ్రీవైష్ణవులు చెప్పే కథకీ, కడప ముస్లింలు చెప్పే కథకీ ఎక్కడ పొత్తు కుదురుతుంది, ఎక్కడ కుదరదు? అర్చకులు, వచ్చిన కుటుంబంలోని పెద్దామె, టీవీ విలేకరి ముగ్గురూ ఒకే కథ చెబుతున్నారా?

చూశారుగా, ఒక్క పండుగలో నాలుగు వేర్వేరు మాస్టర్స్ ఉన్నాయి. కైఫీయత్తుల దారి పడితే చరిత్ర విభాగం కావాలి. శ్రీవైష్ణవ కథల దారి పడితే తమిళం, సంస్కృతం చెప్పే గురువు కావాలి. పెద్దామె మాటల దారి పడితే మానవశాస్త్ర పద్ధతులు తెలిసినచోటు కావాలి. టీవీ కథనాల మీద పడితే మీడియా, మతం రెండూ కలిపి చదివేవాళ్లు కావాలి. నాలుగూ చేస్తానంటే ఏ ప్రొఫెసరూ ఒప్పుకోరు. ఒకటి ఎంచుకోండి.

తెలుగువాళ్లకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. మన ఊళ్ల మీద ఇప్పటికే గట్టి పరిశోధన జరిగింది. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగ మీద అఫ్సర్ మహమ్మద్, తిరుపతి గంగమ్మ జాతర మీద ఎమరీ యూనివర్సిటీలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్, కోనసీమ వేదపండితుల కుటుంబాల మీద డేవిడ్ నైప్, కూచిపూడిలో స్త్రీవేషం మీద హర్షిత మృత్తింటి కామత్ పుస్తకాలు రాశారు. వీటిలో ఏదో ఒకటి సంపాదించి మొత్తం చదవండి. తర్వాత దాని చివర ఉన్న గ్రంథసూచిని పెన్సిల్ పట్టుకుని చూడండి. ఎవరు ఎవరి దగ్గర చదివారో, ఎవరు ఎవరితో వాదిస్తున్నారో అక్కడ తెలుస్తుంది. ఏ కన్సల్టెన్సీ ఇచ్చే జాబితా కన్నా అది నమ్మదగింది.

3. ఏ భాష కావాలో చూసుకోండి

ప్రశ్న తేలాక భాష దానంతటదే తేలుతుంది. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధం అంటే ప్రాకృతం, పాళీ, సంస్కృతం. దక్కన్ సూఫీలంటే ఉర్దూ, ఆపైన ఫార్సీ. ఆంధ్ర క్రైస్తవుల చరిత్ర అంటే తెలుగుతో పాటు మిషనరీల ఇంగ్లిష్ ఉత్తరాలు, లూథరన్ల సంగతైతే జర్మన్ కూడా. శైవ మఠాలంటే తెలుగు, కన్నడం, సంస్కృతం. శాసనాలు చదవడం మొదలుపెట్టాలంటే దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది తెలుగు శాసనాలది, అక్కడ మొదలుపెట్టండి.

మాట్లాడటం రావడం, పాత పుస్తకం చదవగలగడం రెండూ ఒకటి కావు. ఇంట్లో దఖ్నీ మాట్లాడేవాళ్లలో ఉర్దూ లిపి రానివాళ్లు చాలామంది ఉన్నారు. అప్లై చేసే ఏడాది ముందే లిపి నేర్చుకుని కూర్చుంటే అది మీ అప్లికేషన్‌లో బరువైన వాక్యం అవుతుంది. తెలుగుని మాత్రం తక్కువ అంచనా వెయ్యకండి. మతాల మీద పనిచేస్తూ తెలుగు చదవగలిగినవాళ్లు విదేశీ డిపార్ట్‌మెంట్లలో చాలా తక్కువ. మీరు మామూలనుకునేది వాళ్లకి అరుదైన అర్హత.

4. దేశంలో ఎక్కడ చదవొచ్చు

పేరుకు సరిగ్గా సరిపోయే ఎం.ఏ.లు మన దేశంలో కొద్దిచోట్లే ఉన్నాయి. పటియాలా సంగతి చెప్పుకున్నాం. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో తత్వశాస్త్రంతో పాటు తులనాత్మక మతాధ్యయనం ఉంది. బిహార్‌లోని రాజ్‌గీర్‌లో నలందా యూనివర్సిటీ బౌద్ధం, తత్వశాస్త్రం, తులనాత్మక మతాలు కలిపి రెండేళ్ల ఎం.ఏ. నడుపుతోంది, హిందూ అధ్యయనంలో విడిగా మరొకటి ఉంది. హిందూ స్టడీస్ ఎం.ఏ.ని బనారస్ హిందూ యూనివర్సిటీ 2022లో మొదలుపెట్టింది, ఢిల్లీ యూనివర్సిటీ 2023లో. ఢిల్లీలో బౌద్ధ అధ్యయన విభాగం 1957 నుంచే ఉంది. ఉద్యోగం మానకుండా చదవాలంటే ఇగ్నోలో హిందూ స్టడీస్ ఎం.ఏ. దూరవిద్యలో దొరుకుతుంది. మద్రాస్ యూనివర్సిటీది ఇంకో పద్ధతి. వైష్ణవం, శైవ సిద్ధాంతం, జైనం, క్రైస్తవం దేనికి దానికి విభాగం ఉంది.

మన దగ్గరైతే, నాగార్జున యూనివర్సిటీలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఇస్లామిక్ స్టడీస్ ఎం.ఏ. ఉంది. తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. నా అభిప్రాయంలో తెలుగు విద్యార్థికి ఇంకో మంచి దారి కూడా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్రో, సోషియాలజీయో, ఆంత్రోపాలజీయో, ఫిలాసఫీయో తీసుకుని, డిసర్టేషన్ మాత్రం మతం మీద రాయడం. డిగ్రీ మీద రెలిజియస్ స్టడీస్ అని ఉండదు గానీ పద్ధతి గట్టిగా వస్తుంది, ఉద్యోగాల దగ్గర ఆ డిగ్రీకి అర్థం చెప్పుకోవాల్సిన పనీ ఉండదు. శివరాంపల్లిలోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో పుట్టి 1971లో హైదరాబాద్ చేరిన సంస్థ. ఇస్లాం మీద, మతాల మధ్య సంబంధాల మీద దాని లైబ్రరీ మంచి వనరు. డిగ్రీ ఎక్కడ చేస్తున్నా అదొకసారి చూసి రండి.

చాలా సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ-పీజీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. దరఖాస్తులు చలికాలంలోనే వచ్చేస్తాయి, డిగ్రీ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. తెలంగాణ స్టేట్ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీజీసెట్ వేరే. ఈ ఎం.ఏ.లలో చాలావాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, బీటెక్, బీకాం వాళ్లు వెనకాడక్కర్లేదు.

5. బయటి దేశాలైతే డిగ్రీ పేరు జాగ్రత్తగా చదవండి

అమెరికాలో ఎం.ఏ., ఎంటీఎస్ (మాస్టర్ ఆఫ్ థియలాజికల్ స్టడీస్), ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మూడూ ఒకే వెబ్‌సైట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. ఎం.డివ్. మూడేళ్లది, ప్రధానంగా మతసేవలో పనిచేయబోయేవాళ్ల కోసం. పరిశోధనకి వెళ్లాలనుకునేవాళ్లు ఎం.ఏ., లేదంటే హార్వర్డ్ డివినిటీ స్కూల్‌లో ఉన్నలాంటి రెండేళ్ల ఎంటీఎస్ చూడాలి. యేల్‌లో ఇలాంటిదే ఎంఏఆర్ (మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ రెలిజియన్). 'డివినిటీ స్కూల్' అన్న పేరు చూసి క్రైస్తవులకే అనుకోవద్దు. హార్వర్డ్‌లో హిందూ, బౌద్ధ, ఇస్లాం అధ్యయనాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. సెమినరీలు మాత్రం వేరు, అక్కడ మీ సంఘం, మీ విశ్వాసం గురించి అడుగుతారు.

పెద్ద పేర్లే కాకుండా స్టేట్ యూనివర్సిటీల ఎం.ఏ.లు కూడా చూడండి. అలబామా యూనివర్సిటీ 2017లో మొదలుపెట్టిన కోర్సు సిద్ధాంతాల మీద పట్టున్న డిపార్ట్‌మెంట్‌లో నడుస్తుంది. అట్లాంటాలో జార్జియా స్టేట్ ఉంది. ఇలాంటిచోట్ల టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు భారం తగ్గుతుంది. మూడేళ్ల బీఏ చదివినవాళ్లు ఒక్క విషయం చూసుకోండి, కొన్ని అమెరికన్ యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీయే కావాలంటాయి. ఫీజు కట్టకముందే ఒక మెయిల్ పెట్టి అడిగేస్తే టెన్షన్ ఉండదు.

బ్రిటన్‌లో ఎం.ఏ. ఏడాదిలో అయిపోతుంది. లండన్ సోయాస్, ఎడిన్‌బరో, ఆక్స్‌ఫర్డ్ అందరికీ తెలిసినవే. ఒకటే చిక్కు. సెప్టెంబరులో దిగితే వచ్చే వేసవికి డిసర్టేషన్ ఇవ్వాలి. ప్రశ్న లేకుండా వెళ్లినవాళ్లు అక్కడే ఇరుక్కుపోతారు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజు లేదు గానీ మతాధ్యయన కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. హైడల్‌బర్గ్ దక్షిణాసియా అధ్యయనాలకు పేరున్నచోటు. అయితే ఆ రాష్ట్రంలో ఐరోపా బయటివాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి.

6. అప్లికేషన్

ఎస్ఓపీలో (ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో) ఎక్కువ కనిపించే మొదటి వాక్యం ఇది: "చిన్నప్పటి నుంచి నాకు ఆధ్యాత్మికత అంటే ఎనలేని ఆసక్తి." తర్వాత తాతగారు, రామాయణం, ప్రపంచశాంతి. చదివే ప్రొఫెసర్‌కి ఇందులో మీ గురించి తెలిసిందేమీ లేదు. దీని బదులు ఇలా మొదలుపెట్టండి:

"ఉగాది రోజున దేవుని కడప గుడికి వచ్చే ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు చెప్పే బీబీ నాంచారమ్మ కథకీ, శ్రీరంగంలోని తుళుక్క నాచ్చియార్ కథకీ మధ్య తేడాలను అధ్యయనం చేయాలనుకుంటున్నాను. తెలుగు, దఖ్నీ మాట్లాడతాను, ఉర్దూ చదవగలను. తమిళం రాదు, మీ దగ్గర మొదటి ఏడాదే మొదలుపెడతాను."

మూడు వాక్యాల్లో ప్రశ్న, మీ దగ్గరున్నది, మీకు కావాల్సింది వచ్చేశాయి. రానిదాన్ని దాచకుండా ఎలా నేర్చుకుంటారో చెప్పడం మంచిదే. ఆ తర్వాత ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి దగ్గర ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయండి. ఆ ప్రొఫెసర్ ఇంకా అక్కడే ఉన్నారో లేదో చూసుకోండి, రిటైరైనవాళ్ల పేర్లతో వచ్చే అప్లికేషన్లకు కొదవ లేదు.

రైటింగ్ శాంపిల్ దగ్గర బీటెక్ వాళ్లు తడబడతారు, రాసిన వ్యాసమే ఉండదు కాబట్టి. రెండు మూడు నెలలు పెట్టుకుని పన్నెండు పదిహేను పేజీలది ఒకటి తయారుచేయండి. పెద్ద విషయం వద్దు. ఒక కైఫీయత్తు, ఒక గుడి శాసనం, మీ ఊరి జాతరలో ఒక ఘట్టం, ఏదో ఒక్కటి. అందులో ఏముందో ముందు రాయండి, ఇతరులు దాని గురించి ఏమన్నారో తర్వాత, మీకెక్కడ తేడా కనిపించిందో ఆఖర్న. ప్రతి మాటకీ ఆధారం చూపండి. ముందు తెలుగులో ఆలోచించి రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

సిఫారసు లేఖలు మీకు పాఠం చెప్పినవాళ్లవి, మీ రాత చదివినవాళ్లవి కావాలి. పీఠాధిపతుల శ్రీముఖాలు, బిషప్ గారి దీవెనలు, ఎమ్మెల్యే లెటర్‌హెడ్ ఇక్కడ చెల్లవు. మాస్టారికి కనీసం నెల ముందు చెప్పండి, మీ ఎస్ఓపీ, శాంపిల్ కూడా ఇవ్వండి. అమెరికా డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో ఉంటాయి కాబట్టి దసరా సెలవులకల్లా మాస్టారి చేతిలో కాగితాలుండాలి. అప్లికేషన్ ఫీజు భారమైతే మినహాయింపు ఇస్తారేమో మెయిల్‌లో అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

7. డబ్బు

స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లో చిన్న అక్షరాలు ముఖ్యం. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ప్రధానంగా ఎస్సీ విద్యార్థులకు పెద్ద అండ. అయితే 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే అధ్యయనాలను పక్కనపెట్టారు. దళిత క్రైస్తవం మీద విదేశంలో చదవాలనుకునే విద్యార్థికి ఇది నేరుగా తగులుతుంది, అన్యాయమనే నా ఉద్దేశం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా పూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ రూ.20 లక్షల దాకా ఇస్తాయి. అంబేడ్కర్ విద్యానిధి కోర్సుల్లో హ్యుమానిటీస్ కూడా ఉంది. కుటుంబ ఆదాయ పరిమితి, దేశాల జాబితా మాత్రం తాజా నోటిఫికేషన్లో చూసుకోండి.

అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఎంపిక చేసిన కొన్ని రంగాలకే. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి సబ్జెక్టు అడ్డు కాదు గానీ 2,800 గంటల పని అనుభవం చూపించాలి. అంటే సుమారు రెండేళ్ల ఉద్యోగం. హార్వర్డ్, యేల్ డివినిటీ స్కూళ్లు కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టి గట్టిగానే సాయం చేస్తాయి, పెద్ద పేర్లని భయపడి వదిలేయకండి. జర్మనీ వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్యాంకులో చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. ఇక పూర్తిగా అప్పు చేసి ఈ ఎం.ఏ.కి అమెరికా వెళ్లడం నేను సిఫారసు చేయను. ఎంఎస్ వాళ్లకు కుదిరే లెక్క ఇక్కడ కుదరదు.

8. చదువుతున్నప్పుడు

వారానికి వందల పేజీలు చదవమంటారు. అన్నీ అక్షరం వదలకుండా చదవలేరు, రచయిత ఎవరితో వాదిస్తున్నాడో పట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లు ఇంటర్వ్యూలకు ముందే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, దానికి వారాలు పట్టొచ్చు. ఉగాది మార్చిలో అయితే అనుమతి కోసం సంక్రాంతికి ముందే కదలాలి.

మన ఊళ్లో మనకేంటి అనుమతి అనుకోవద్దు. ఫోన్ జేబులో పెట్టి రికార్డు చేయడం తప్పు. పూనకం వచ్చినామె ఫొటో ఆమెకి తెలివి వచ్చాక అడిగి వాడుకోవాలి. ఊళ్లో కులమేదని మిమ్మల్నీ అడుగుతారు, మీరు చెప్పే జవాబుని బట్టి కొన్ని గుమ్మాలు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. ఆ సంగతి థీసిస్‌లో రాయాలి కూడా.

9. ఆ తర్వాత

మన దేశంలో లెక్చరర్ పోస్టులు ఈ సబ్జెక్టులో బాగా తక్కువ. ఎం.ఏ. అయిన చాలామంది పీహెచ్‌డీకి గానీ, ఆర్కైవ్‌లు, మ్యూజియాలు, పుస్తక ప్రచురణ, జర్నలిజం, స్వచ్ఛంద సంస్థల వైపు గానీ వెళ్తారు. పోటీపరీక్షలకు కొంత పనికొస్తుంది. ఏపీపీఎస్సీ దేవాదాయ శాఖ గ్రేడ్-3 ఈవో పరీక్షలో హిందూ తత్వం, దేవాలయ వ్యవస్థ మీద ఒక పేపర్ ఉంటుంది.

లెక్చరర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో తులనాత్మక మతాధ్యయనం, హిందూ స్టడీస్, బౌద్ధ-జైన-గాంధీ-శాంతి అధ్యయనాలు విడివిడి సబ్జెక్టులు. ఎం.ఏ.లో కనీసం 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. అందులోనే జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000. చేరే ముందే ఒక సంగతి తేల్చుకోండి. మీ డిగ్రీ పేరుతో నెట్‌లో ఏ సబ్జెక్టు రాయాలి, ఆ సబ్జెక్టులో నెట్ ఉన్నవాళ్లను మీరు పనిచేయాలనుకునే యూనివర్సిటీలో ఏ విభాగం తీసుకుంటుంది? రెండు మూడు పాత రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్లు డౌన్‌లోడ్ చేసుకుని 'సంబంధిత సబ్జెక్టు' అన్న గడిలో ఏం రాశారో చూడండి. అక్కడ ఫిలాసఫీ అని మాత్రమే ఉండొచ్చు, అందుకే ఆ గడి చూశాకే ఏ ఎం.ఏ.లో చేరాలో నిర్ణయించుకోండి.